ఎక్కేవాడు లేని విమానం

వరంగల్లు నుండి ఖమ్మం పోయే రోడ్డు మీద మామునూరు ఉన్నది. 1930లో నిజాం ప్రభుత్వం అక్కడ ఒక విమానాశ్రయం నిర్మించింది. 1981 దాకా అది వాడుకలో ఉండి ఆ తరువాత మూతబడింది. ప్రయాణికులు రావడం మానివేసినా, ఆ మైదానం మీద ఎగిరేవి మాత్రం పూర్తిగా లేకుండా పోలేదు. నేషనల్ కాడెట్ కోరు విద్యార్థులు అక్కడ గ్లైడింగుతోపాటు నమూనా విమానాలు ఎగురవేయడం కూడా అభ్యసిస్తూ వచ్చారు. పెద్ద విమానాలు విడిచిపోయిన చోట చిన్న విమానాలు ఎగిరినవి.

వీటిని చూసి ఆటబొమ్మలే కదా అనుకోవడం కద్దు. కాని విమానశాస్త్రం పుట్టినదే ఇటువంటి బొమ్మలతో. 1871 ఆగస్టు 18న ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్ నగరంలోని ట్విలరీ తోటలో రబ్బరు పోగు మెలిపెట్టి నడిపే చిన్న విమానాన్ని ఎగురవేశాడు. అది 11 సెకన్లపాటు గాలిలో ఉండి సుమారు 40 మీటర్లు పోయింది. పెనో పద్ధతిలోనే రబ్బరుతో పైకి ఎగిరే ఒక బొమ్మను అమెరికాలో ఒక తండ్రి తన పిల్లలకు కొనితెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. మనుష్యుడిని మోసే విమానం 1903లో వచ్చింది. తనంతట తాను నిలకడగా ఎగిరే నమూనా అంతకు ముప్పయి సంవత్సరాల ముందే వచ్చింది. ఈ వరస గుర్తుంచుకోదగినది.

నేషనల్ కాడెట్ కోరు 1948లో ఏర్పడింది. దాని వైమానిక విభాగం 1950లో మొదలయింది. ఈ విభాగంలో నమూనాల పని మూడు తరగతులుగా సాగుతుంది. మొదటిది ఎగరని నమూనా. అసలు విమానానికి కొలతలు తప్పని చిన్న ప్రతిరూపం. రెండవది తీగల విమానం. నడిపేవాడు మైదానం మధ్య నిలబడి, చేతి పిడికి కట్టిన రెండు సన్నని తీగలతో దానిని తన చుట్టూ తిప్పుతాడు. ఒక తీగ లాగితే ముక్కు లేస్తుంది, రెండవది లాగితే దిగుతుంది. మూడవది రేడియో విమానం. సంక్రాంతికి గాలిపటం ఎగురవేసిన వారికి దారం బిగువు ద్వారా గాలి సంగతి చేతికి తెలియడం అనుభవమే. తీగల విమానంలోనూ ఆ బిగువు ఉంటుంది. రేడియో విమానంలో అది కూడా తెగిపోయింది. ఈ అభిరుచిలోని కష్టమంతా, అందమంతా ఇక్కడనే ఉన్నది.

పెద్ద విమానం నడిపేవాడు దానిలోనే కూర్చుంటాడు. అది ఒరిగితే అతడూ ఒరుగుతాడు. ఇంజను రొద మారితే అతడి ఒంటికే తెలుస్తుంది. నమూనా నడిపేవాడు నేలమీద ఉంటాడు. అతడికి ఉన్నది కళ్ళు మాత్రమే. రెక్కల కొననుండి కొనకు 1.2 మీటర్లున్న విమానం 150 మీటర్ల దూరానికి పోతే, చెయ్యి చాచి పట్టుకున్న బియ్యపు గింజంతగా కనిపిస్తుంది. ఆ గింజ ఎటు ఒరిగిందో చూడాలి, చూచినది అర్థం కావాలి, వేలు కదలాలి. ఇందుకు అర సెకను పట్టిందనుకుందాము. సెకనుకు 12 మీటర్ల చొప్పున పోయే విమానం ఆ లోపల 6 మీటర్లు దాటిపోతుంది. కనుక ఆ అర సెకనులో విమానం తన్ను తాను నిలబెట్టుకోగలగాలి. నడిపేవాడు చేయలేని పనిని చేసేవాడు ముందుగానే, బల్లమీద ఉండగానే, దానిలో పెట్టి ఉంచవలె.

ఆ నిలకడలో ముఖ్యమైన సంగతి గరిమనాభి, అనగా విమానం బరువంతా ఒక్కచోట ఉన్నట్లు ఎంచదగిన బిందువు. దీని సంగతి బాణాన్ని చూస్తే బోధపడుతుంది. బాణానికి ములికి ముందుంటుంది, ఈకలు వెనుక ఉంటాయి. ఎటు విడిచినా ములికి ముందుగానే పోతుంది. విమానంలోనూ అంతే. ఎదురుగాలి వచ్చి ముక్కును కొంచెం పైకి లేపిందనుకోండి. అప్పుడు రెక్కకు, తోకకు గాలి తగిలే కోణం పెరిగి అదనపు ఎత్తుబలం పుడుతుంది. ఆ అదనపు బలం గరిమనాభికి వెనుక పనిచేస్తే ముక్కును మళ్ళీ కిందికి తెస్తుంది, విమానం సర్దుకుంటుంది. అదే గరిమనాభికి ముందు పనిచేస్తే లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. కోణం సుమారు 12 నుండి 15 డిగ్రీలు దాటగానే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పోలేక విడిపోతుంది. ఆ మరుక్షణం రెక్క మోయడం మానివేస్తుంది.

మామూలు అమరికగల విమానంలో గరిమనాభి రెక్క ముందంచునుండి దాని వెడల్పులో నాలుగోవంతుకు, మూడోవంతుకు మధ్య ఉండేటట్లు చూస్తారు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే 5 నుండి సుమారు 6.7 సెంటీమీటర్ల చోట అన్నమాట. పరీక్షించడానికి యంత్రమేమీ అక్కరలేదు. రెక్క అడుగున రెండువైపులా ఆ గుర్తుల దగ్గర చూపుడువేళ్ళు ఆనించి ఎత్తితే, విమానం సమంగా గాని ముక్కు రవంత దిగిగాని నిలవాలి. తోక దిగితే ఆ రోజుకు ఎగురవేయకపోవడమే మేలు.

సరిచేయడానికి బ్యాటరీని జరుపుతారు. మొత్తం బరువు 800 గ్రాములున్న విమానంలో 180 గ్రాముల బ్యాటరీని 2 సెంటీమీటర్లు ముందుకు జరిపితే గరిమనాభి 4.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. చూడడానికి ఇది స్వల్పమే గాని గాలిలో స్పష్టంగా తెలుస్తుంది. తోక దగ్గర ఎక్కువ జిగురు పూసేవారు మరొక లెక్క చేసి చూడాలి. గరిమనాభికి 50 సెంటీమీటర్ల వెనుక 10 గ్రాముల జిగురు అదనంగా పడిందనుకుంటే, దానిని తూచడానికి 20 సెంటీమీటర్ల ముందు 25 గ్రాముల సీసం పెట్టాలి. 10 గ్రాముల అజాగ్రత్తకు విమానం 35 గ్రాములు మోయాలి.

పక్కకు ఒరగకుండా ఉండడానికి రెక్కలను రెండువైపులా కొంచెం పైకి ఎత్తి, సగం తెరిచిన పుస్తకంలాగా అమర్చుతారు. ఒక పక్క ఒరిగినప్పుడు ఆ పక్క రెక్క నేలకు సమాంతరమై ఎక్కువ మోస్తుందని కొన్నిచోట్ల వ్రాస్తారు. ఆ వివరణ చాలదు. నిజానికి ఒరిగిన విమానం ఆ పక్కకు కొంచెం జారుతుంది. జారినప్పుడు దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలోను, లేచిన రెక్కకు తక్కువ కోణంలోను తగులుతుంది. దిగినది లేస్తుంది, లేచినది దిగుతుంది. మొదటిసారి ఎగురవేసేవాడికి ఇంతకంటె మంచి సహాయుడు లేడు.

చిన్నదైనంత మాత్రాన నమూనా పెద్దదానికి అచ్చమైన నకలు కాదు. సెస్నా 172 అనే పేరుపొందిన చిన్న విమానం రెక్కల పొడవు 11 మీటర్లు, నిండు బరువు సుమారు 1,100 కిలోగ్రాములు. దీనిని అన్ని కొలతలలోను పదోవంతు చేస్తే రెక్క వైశాల్యం నూరోవంతు అవుతుంది. బరువు మాత్రం వెయ్యోవంతు, అనగా 1.1 కిలోగ్రాము అవుతుంది. బరువు వైశాల్యంకంటె వేగంగా తగ్గినందువల్ల, నమూనా రెక్కమీద చదరపు మీటరుకు పడే భారం పదోవంతే. అందుచేత పెద్దదాని వేగంలో మూడోవంతు లోపుతోనే అది గాలిలో నిలవగలదు. ఇది లాభం. నష్టం కూడా ఉన్నది. గాలి స్నిగ్ధత ప్రభావం చిన్న రెక్కమీద ఎక్కువ. దీనిని కొలిచే సంఖ్యకు ఆస్బర్న్ రెనాల్డ్స్ పేరు పెట్టారు. 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్క సెకనుకు 12 మీటర్ల వేగంతో పోతే ఆ సంఖ్య లక్షన్నర పైచిలుకు. ప్రయాణికుల జెట్ విమానానికి అది కోట్లలో ఉంటుంది. పెద్ద విమానం రెక్క ఆకారాన్ని పుస్తకంలో చూచి అలాగే చెక్కితే నమూనా బాగా ఎగరకపోవడానికి కారణమిదే.

మరి కనీసవేగం ఎంత? 1.2 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కతో 800 గ్రాముల విమానాన్ని తీసుకుంటే, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లని గాలిలో గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగానికి తగ్గితే అది నిలవదు. వరంగల్లు మే నెల సంగతి వేరు. సముద్రమట్టానికి పావు కిలోమీటరు పైన, 42 డిగ్రీల ఎండలో, గాలి సాంద్రత నూటికి సుమారు 12 వంతులు తక్కువ. అదే విమానానికి అప్పుడు మరి ఆరేడు వంతుల వేగం కావాలి. సంక్రాంతి రోజులలో చక్కగా దిగిన విమానం ఎండాకాలంలో అదే వేగంతో దింపబోతే దభీమని పడడానికి ఒక కారణం ఇది. మధ్యాహ్నం నేలనుండి లేచే సుడులు రెండో కారణం. తెల్లవారిన తరువాత ఒకటి రెండు గంటలే అభ్యాసానికి మేలైన సమయం.

కట్టే సామానుకు వస్తే, చిరకాలంగా పేరున్నది బాల్సా కర్ర. దీని స్వస్థలం దక్షిణ అమెరికా. ఈక్వెడారునుండి ఎక్కువగా వస్తుంది. నీటితో పోలిస్తే బాల్సా సాంద్రత ఆరోవంతు మాత్రమే. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్రను చేతపట్టి చూచిన వారికి ఈ తేలికదనం కొంతవరకు ఊహకందుతుంది. వృక్షశాస్త్రంలో బాల్సా మన బూరుగుకు దగ్గరి చుట్టం. వరంగల్లు జిల్లా చేలలో పెరిగే పత్తి కూడా ఆ కుటుంబానిదే. కాని మన ఊళ్ళలో బాల్సా సులభంగా దొరకదు, దొరికినా ఖరీదు. థర్మోకోలు రేకులు, పెట్టెలు చేసే పొరల ప్లాస్టికు అట్టలు, వెదురుపుల్లలు చాలామందికి సరిపోతాయి. పడి విరిగితే సాయంత్రానికి అతికించుకోవచ్చును. కొత్తవారి విమానం ఎటూ పడుతుంది గనుక చవక సామాను వాడడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఇక రేడియో. దూరాన ఉన్న వస్తువును తీగలేని తరంగాలతో నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను నడిపి చూపించాడు. నమూనా విమానాలలో ఈ పద్ధతిని సాధించిన తొలివారిలో అమెరికాకు చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు ముఖ్యులు. వారి విమానం 1937లో ఎగిరింది. నాటి రేడియో బరువు మోయడానికి పెద్ద విమానమే కావలసివచ్చింది. నేటి రిసీవరు పది గ్రాములైనా ఉండదు.

నడిపేవాడు చేతిలోని ట్రాన్స్‌మిటరుపై పుల్లను కదిలిస్తాడు. ఆ కదలిక ఒక సంఖ్యగా మారి తరంగంమీద పోతుంది. విమానంలోని రిసీవరు దానిని అందుకొని సర్వో అనే చిన్న యంత్రానికి విద్యుత్ స్పందనల రూపంలో అందిస్తుంది. సాధారణంగా సెకనుకు 50 స్పందనలు వెళ్తాయి. ఒక్కొక్కటి సెకనులో వెయ్యోవంతుకు ఒకటిన్నర రెట్లు ఉంటే సర్వో చెయ్యి నడిమధ్య నిలుస్తుంది. ఒకటికి తగ్గితే ఒక వైపుకు, రెండుకు పెరిగితే రెండో వైపుకు తిరుగుతుంది. సర్వో లోపల మోటారు, పళ్ళచక్రాలు, తన చెయ్యి ఎక్కడ ఉన్నదో చెప్పే ఒక నిరోధకం ఉంటాయి. ఉండవలసిన చోటు, ఉన్న చోటు తక్కెడ సిబ్బెల వలె సమమయ్యేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఆ చెయ్యి ఒక కమ్మీతో చుక్కానిని గాని, ముక్కును ఎత్తించే తోకరెక్కను గాని కదిలిస్తుంది.

పూర్వం రేడియో విమానాలు 27, 72 మెగాహెర్ట్‌జ్ వంటి పౌనఃపున్యాలపై నడిచేవి. ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు ఒకేసారి పుల్ల కదిలిస్తే ఒకరి విమానం మరొకరి మాట వినేది. అనగా ఎవరి మాటా వినక పడిపోయేది. నేడు ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతం. దాని తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. మన దేశంలో 2005 నుండి నిర్ణీత శక్తికి లోబడి దీనిని లైసెన్సు లేకుండా వాడవచ్చును. ఇందులో ట్రాన్స్‌మిటరు ఒకే పౌనఃపున్యంపై కూర్చోక సెకనుకు అనేకమార్లు దూకుతూ ఉంటుంది. జతకట్టిన రిసీవరు కూడా అదే వరుసలో దూకుతుంది. అయినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. మొదట ట్రాన్స్‌మిటరు వెలిగించి తరువాతనే విమానం బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు విమానం బ్యాటరీ తీయాలి. ట్రాన్స్‌మిటరు కడ్డీ కొనను విమానంవైపు గురిపెట్టరాదు. ఎక్కడ గురిపెడితే అక్కడే తరంగం బలహీనమని చాలామందికి తెలియదు.

మోటారుకు శక్తినిచ్చే లిథియం బ్యాటరీని గురించి రెండు మాటలు చాలు. మూడు గదుల బ్యాటరీ 11.1 వోల్టులు. 2.2 ఆంపియర్ గంటల నిలవ నుండి సగటున 12 ఆంపియర్లు వాడుకుంటే లెక్కకు 11 నిమిషాలు వస్తుంది. ఐదోవంతు మిగల్చడం అవసరం కనుక 8 నిమిషాలకే దింపుకోవాలి. పూర్తిగా పిండిన బ్యాటరీ చెడిపోతుంది. ఉబ్బినది, కుట్టుపడినది, ఎండలో కారులో వదిలినది నిప్పంటుకోవచ్చును. పంకాను తేలికగా చూడడం ఇంకా ప్రమాదం. 9 అంగుళాల పంకా నిమిషానికి 8,000 సార్లు తిరిగితే దాని కొన వేగం గంటకు సుమారు 345 కిలోమీటర్లు. బల్లమీద మోటారును పరీక్షించేటప్పుడు పంకాను విప్పి ఉంచడం అన్ని విధాలా శ్రేయస్కరం.

ఎగురవేయడం మొదలుపెట్టినవారిని అందరికంటె ఎక్కువగా ఏడిపించేది కుడి ఎడమల తికమక. విమానం దూరంగా పోతున్నప్పుడు దాని కుడి మన కుడే. మనవైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. భయపడ్డ చెయ్యి పాత అలవాటునే చేస్తుంది. విమానం ఇంకా ఒరిగి నేలను కొడుతుంది. ఇందుకు అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క దిగి కనిపిస్తే ఆ వైపుకే పుల్లను నొక్కాలి, పడబోయే గోడకు ఆసరా పెట్టినట్లు. కొన్ని వారాలకు ఆలోచన అక్కరలేకుండా వేలే ఆ పని చేస్తుంది. ఈలోపల కంప్యూటరు తెరపై అభ్యసిస్తే విరిగేది ఏమీ ఉండదు.

ఇన్నీ కుదిరినా ఎగురవేయడానికి చోటు కావాలి. 2021 ఆగస్టులో ప్రకటించిన డ్రోను నిబంధనలు నమూనా విమానాలకు కూడా వర్తిస్తాయి. వినోదానికి, చదువుకు, పరిశోధనకు వాడుతూ, కంటికి కనిపించే దూరంలోనే ఎగిరే, 25 కిలోగ్రాములకు మించని వాటిని అవి నమూనాలుగా గుర్తించి, వాటికి రకపు ధ్రువపత్రం అక్కరలేదన్నాయి. వ్యాపారం కాని పనికి 2 కిలోగ్రాముల లోపు వాటిని నడిపేవారికి లైసెన్సు కూడా అడగలేదు. కాని ఆకాశాన్ని రంగులుగా విభజించాయి. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. పనిచేస్తున్న విమానాశ్రయం హద్దునుండి 8, 12 కిలోమీటర్ల మధ్య ఈ ఎత్తు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

2025 ఫిబ్రవరిలో మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి అభివృద్ధి చేయడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. వరంగల్లు వాసులు ఎన్నో ఏళ్ళుగా కోరుతున్నది ఇది. అయితే పటంమీద కొలిచి చూస్తే, అక్కడ విమానాలు దిగడం మొదలైన నాటినుండి వరంగల్లు పాతపట్టణం ఇంచుమించు 8 కిలోమీటర్ల వలయంలోకి వస్తుంది. హనుమకొండ, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా మొదలై నేడు ఎన్.ఐ.టి.గా ఉన్న విద్యాసంస్థ పరిసరాలు రెండవ వలయంలోకి వస్తాయి. ఎవరి మైదానంమీద నమూనాలు ఎగిరినవో ఆ మైదానమే వాటిని దూరంగా ఉండమనవలసి వస్తుంది. ఇందులో అన్యాయమేమీ లేదు. దిగుతున్న విమానం దారిలోకి కిలోగ్రాము బరువు వస్తువు పోకూడదు.

200 అడుగులు అంటే 60 మీటర్ల పైచిలుకు. నేర్చుకునేవారికి అది చాలు. మోటారు లేని గ్లైడరు నమూనాలవారికి మాత్రం చాలదు. వారు గద్దల వలె వేడిగాలి స్తంభాలను వెతుక్కొని, చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోవాలి. ఆ విద్య నేర్వదలచినవారు పన్నెండు కిలోమీటర్లకు ఆవల, ఇళ్ళు, కరెంటు తీగలు లేని చోటు చూచుకోవాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక పౌర విమానయాన శాఖవారి పటాన్ని ప్రతిసారీ చూడడం మంచిది. ఊరి చెరువు ఎండినప్పుడు దాని అడుగు చదునుగా దొరుకుతుంది. వరి కోసిన మడులలో గట్లు అడ్డు. పత్తిచేను అయితే కట్టె పీకేదాకా దిగడానికి వీలుండదు, పంకా ఒక్కనాటితో ముక్కలవుతుంది. చేను ఎవరిదైనా ముందుగా పోయి అడగాలి. మధ్యాహ్నం ఎండకు గాలి లేచేలోపల పని ముగించుకోవాలంటే, రైతును ముందునాటి సాయంత్రమే కలవడం నయం.